బురద కాళ్ళతో వచ్చిన సరమ

ధనుర్మాసం వచ్చిందంటే మా ఇంట్లో రెండు పక్షాల మధ్య యుద్ధం మొదలవుతుంది. ఒక పక్షం మా శ్రీమతి; ఆవిడ ఆయుధం ముగ్గు డబ్బా. రెండో పక్షం సరమ. దాని ఆయుధాలు నాలుగు, నాలుగూ బురద కాళ్ళే. మధ్యవర్తిని నేను. మధ్యవర్తులకు చివరికి ఏ గతి పడుతుందో పాఠకులకు నేను చెప్పనక్కర లేదు.

సరమ మా కుక్క. పేరు నేను పెట్టిందే. తెలుగు పాఠాలు చెప్పుకొని బతికేవాడు ఇంట్లో కుక్కను టామీ అనీ టైగరనీ పిలిస్తే ఏం బాగుంటుంది? పురాణాల్లో సరమ దేవతల కుక్క. ఎంతో ఆలోచించి అంత గొప్ప పేరు పెడితే పిల్లలు రెండు రోజుల్లో దాన్ని ‘సరూ’ చేసేశారు. మా అమ్మ మాత్రం ‘సరమ్మా’ అని నోరారా పిలుస్తుంది, పక్క వూరి నుంచి వచ్చిన ఆడబిడ్డను పిలిచినట్టు.

కైకలూరు దగ్గర వుండే మా బావమరిది దీన్ని నెలల పిల్లగా వున్నప్పుడు సంచీలో వేసుకొని తెచ్చాడు. “బావగారూ, ఇది జోనంగి. దీని సంగతి మీకు మెల్లిగా తెలుస్తుంది” అని నవ్వి వెళ్ళిపోయాడు. ఆ నవ్వుకు అర్థం తర్వాత తెలిసింది. కొల్లేరు చుట్టుపక్కలా, కృష్ణా గోదావరి మండలాల్లోనూ కనిపించే నాటు జాతి ఇది. నున్నటి పొట్టి వెంట్రుకలు, ఏదో పెద్ద సమస్య ఆలోచిస్తున్నట్టు ముడతలు పడ్డ నుదురు. మామూలు కుక్కల్లా అస్తమానం మొరగదు, రాగం తీస్తుంది. నేలలో గుంట తవ్వుకొని అందులో ముడుచుకు పడుకోవడం దానికి పరమానందం. వెనకటి రోజుల్లో బాతుల మందలు కాసేవాళ్ళు వీటిని వెంట తిప్పుకునేవారు. బాతులు తిరిగిన చోట్లలో చేపల చెరువులు వచ్చాక వీటికి పని పోయింది. పని పోయినవాళ్ళకు మర్యాద కూడా పోవడం లోకంలో వున్నదే. చాలా చోట్ల వీటిని తరిమేశారు, చంపేశారు కూడా. మా సరమ అచ్చమైన జోనంగి అని నేను ప్రమాణం చేయలేను గాని, గుంటలు తవ్వే విషయంలో మాత్రం దాని వంశాన్ని శంకించడానికి వీల్లేదు.

మన చలి, మన బురద

కుక్కల పెంపకం మీద ఇంగ్లీషు పుస్తకాలు రెండు మూడు చదివాను. చలికాలం అనే అధ్యాయం తీస్తే అంతా మంచు, గడ్డకట్టిన చెరువులు, రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు, ఆ ఉప్పు తగిలి పగిలే పాదాలు. బెజవాడలో కూర్చుని ఆ అధ్యాయం చదవడం ఎడారివాడు ఈత పుస్తకం చదివినట్టే వుంటుంది. మన చలి ఎంత? పుష్యమాసంలో తెల్లవారుజామున కూడా ఇరవై డిగ్రీల చుట్టుపక్కలే. అంత మాత్రపు చలికి ఆరోగ్యంగా వున్న కుక్క ఏమీ అయిపోదు.

మన శత్రువు చలి కాదు, తడి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, అందులోనే తుఫానులు. ఆ పైన మనది డెల్టా. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చిన తర్వాత కూడా, మన నేల కాలవల నీళ్ళు తాగి బతుకుతోంది. చదును నేల కనక పడ్డ వాన గబుక్కున పోదు. నల్లరేగడి అయితే మరీనూ. తడి తగిలితే ఉబ్బుతుంది, ఆరితే రాయిలా బిగుస్తుంది. మన చెప్పుకు అంటుకుంటే గట్టుకు రాసి దులుపుకుంటాం. కుక్క వేళ్ళ సందుల్లో చేరితే అది ఎక్కడ దులుపుకుంటుంది? అక్కడే ఉండగట్టి, వెంట్రుకలను లాగి, చర్మాన్ని ఒరుసుకుంటుంది. ఇంత చిన్న విషయం నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. ఎలా తెలిసిందో చెబుతాను.

ముగ్గు మీద పడ్డ అడుగులు

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతలు జరుగుతున్న రోజులు. కోసిన పనలు పొలాల్లోనే తడిసిపోయాయి. రైతులు పడ్డ నష్టం ముందు మా ఇంటి సంగతి చెప్పుకోవడానికి సిగ్గుగానే వుంది. ఏమయితేనేం, వాన వెలిసిన మర్నాటి నుంచి నేనూ సరమా మళ్ళీ షికారు మొదలుపెట్టాం. మా ఇల్లు గుణదల దాటిన తర్వాత. ఏలూరు కాలవ గట్టు మాకు దగ్గర. పొద్దున్నే గట్టు మీద ఒక మైలు నడవడం, తిరిగి రావడం. నేను గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, కుళాయి కింద కాళ్ళు కడుక్కొని లోపలికి వెళ్ళి పేపరు అందుకునేవాణ్ణి. సరమ కాళ్ళ సంగతి నాకు తట్టలేదు. అది ఒళ్ళు విదుల్చుకొని వరండాలో పడుకునేది. నా కాళ్ళు కడుక్కోవాలని తెలిసినవాడికి దాని కాళ్ళు కడగాలని ఎందుకు తెలియలేదో ఇప్పటికీ అర్థం కాదు.

ధనుర్మాసం పట్టిన రెండో రోజు. మా శ్రీమతి తెల్లవారుజామున లేచి, తడిసిన వాకిలి ఊడ్చి, పేడనీళ్ళు చల్లి, ఇరవై ఒక్క చుక్కల ముగ్గు వేసింది. దానికి గంట పట్టింది. సరిగ్గా అప్పుడే మేం తిరిగి వచ్చాం. వీధి చివర గంగిరెద్దు సన్నాయి వినబడింది. సరమ తాడు లాక్కొని పరుగెత్తి, ముగ్గు మధ్య నుంచి గుమ్మంలోకి దూకి, అక్కడ నిలబడి గంగిరెద్దుకు రాగంలో సమాధానం చెప్పడం మొదలుపెట్టింది. ముగ్గులో పద్మం మీద నాలుగు నల్లటి పాదముద్రలు.

“ఏమండీ, చూశారా! ఇక దీన్ని కట్టేస్తారా, నన్ను ముగ్గు మానేయమంటారా?” అంది మా శ్రీమతి. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. నాకు కోపం వచ్చింది. ఎవరి మీద అని ఆలోచించే లోపల చేతిలో వున్న తాడుతో సరమను రెండు దెబ్బలు కొట్టాను. అది అరవలేదు. నుదుటి ముడతలు ఇంకొంచెం ముడుచుకొని నా వంక చూసింది. దాన్ని తీసుకుపోయి మెట్ల కింద కట్టేసి, బురద తగ్గే దాకా షికారు లేదని శాసనం చేశాను.

మెట్ల కింద సిమెంటు నేల. పైనుంచి జల్లు పడకపోయినా అడుగు నుంచి చెమ్మ. అలవాటు పడ్డ కుక్క తాను పడుకునే చోటు పాడు చేసుకోదు. అంచేత పూటల తరబడి ఉగ్గబట్టుకునేది. మా అమ్మాయి పూటకొకసారి వాకిట్లోకి తిప్పి తెచ్చేది గాని, అది నడకా, పాడా? మూడో రోజున అన్నం సగం వదిలేసింది. “అలిగింది” అన్నాడు మా అబ్బాయి. నేనూ అదే అనుకున్నాను. మా అమ్మ మాత్రం, “ఒరేయ్, గొడ్డును కట్టేసేవాడు కట్టేసిన చోటు ఆరబెట్టాలిరా. పల్లెలో పుట్టినవాడివి, నీకు చెప్పాలా?” అంది. వినిపించుకోలేదు.

ముక్కోటి ఏకాదశి నాడు గుడి నుంచి వచ్చి చూస్తే సరమ లేవలేదు. ముందు కాలు ఒకటి నేల మీద ఆనించడం లేదు. ముక్కు దగ్గర ఎర్రగా ఒక చారిక. తాకితే ఒళ్ళు పెనంలా వుంది.

డాక్టరుగారు అడిగిన ప్రశ్న

ఆటోలో వేసుకొని వైద్యశాలకు పరుగెత్తాం. డాక్టరుగారు చిన్న వయసు ఆవిడ. జ్వరం చూశారు: 104 డిగ్రీలు. కుక్కకు మామూలుగా 101 నుంచి 102న్నర దాకా వుంటుందిట. మనిషి లెక్కన చూసి ఒళ్ళు వేడిగా వుందని కంగారు పడకూడదు, అలాగని ఇంత వుంటే వూరుకోనూ కూడదు. పెదవి ఎత్తి చిగుళ్ళు చూశారు, పాలిపోయి వున్నాయి. తర్వాత పాదం చేతిలోకి తీసుకొని వేళ్ళు విడదీశారు. ఎండి బిగిసిన బురద ఉండ, దాని కింద విరిగిన తుమ్మముల్లు, చుట్టూ చీము. పక్క వేలి సందులో, చెవి మడతలో, చంక కింద పప్పుగింజల్లా పిడుదులు.

“మాష్టారూ, రోజూ షికారు తీసుకువెళ్ళేవారా?”

“వారం క్రితం దాకా తప్పకుండా వెళ్ళేవాణ్ణమ్మా.”

“ఇంటికి వచ్చాక కాళ్ళు చూసేవారా?”

పాతికేళ్ళుగా క్లాసులో ప్రశ్నలు వేస్తున్నవాణ్ణి. జవాబు రాని కుర్రవాడు ఎలా నిలబడతాడో ఆనాడు నాకు అనుభవానికి వచ్చింది.

రక్త పరీక్షలో తేలింది, పిడుదుల వల్ల వచ్చే జ్వరం. పిడుదు రక్తం తాగుతూ ఆ రక్తంలోకి సూక్ష్మక్రిములను వదులుతుంది. వారం పది రోజుల నుంచి మూడు వారాల లోపల జ్వరం, అన్నం సహించకపోవడం, చిగుళ్ళు పాలిపోవడం, ఒక్కోసారి ముక్కు నుంచి రక్తం. ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ముల్లు తీసి, పుండు కడిగి, నాలుగు వారాలకు మాత్రలు రాసి ఇచ్చారు. “రెండు మూడు రోజులు గడిస్తే గాని చెప్పలేను” అన్నారు.

ఆ రాత్రి సరమ నా మంచం పక్కన గోనెపట్టా మీద పడుకుంది. మా శ్రీమతే తెచ్చి వేసింది ఆ పట్టా. నాకు నిద్ర రాలేదు. డిగ్రీ పిల్లలకు నేను ఎన్నోసార్లు చెప్పిన పాఠం గుర్తుకు వచ్చింది. నన్నయగారి ఆదిపర్వంలో, జనమేజయుడు యాగం చేస్తుండగా సరమ కొడుకు సారమేయుడు అక్కడ ఆడుకోవడానికి వస్తాడు. హవిస్సు ముట్టలేదు, కనీసం అటు చూడనైనా లేదు. అయినా రాజుగారి తమ్ముళ్ళు కొట్టి తరుముతారు. తల్లి సరమ వచ్చి రాజును నిలదీస్తుంది: తప్పు చేయనివాణ్ణి కొట్టారు కనక మీకు కారణం కనిపించని భయాలు వస్తాయి, అని. ఆ ఘట్టం చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం గంభీరంగా మారుతుందని పిల్లలు అంటారు. కుక్కకు ఆ పేరే పెట్టుకొని, కడగవలసిన కాళ్ళు నేను కడగక, కడగలేదని దాన్నే కొట్టాను! చెప్పిన పాఠం మనకు కూడా వచ్చి తీరాలని నియమం లేదు కాబోలు.

మూడో రోజు సాయంత్రం సరమ లేచి, మా అమ్మ చేతిలో పెరుగన్నం నాలుగు ముద్దలు తిన్నది. మా అమ్మ ముఖం చూడాలి అప్పుడు!

తుడవడమంటే చూడడం

ఆ నెల రోజుల్లో డాక్టరుగారి దగ్గర నేర్చుకున్నదాన్ని పాఠకులతో పంచుకుంటాను. ఇంట్లో కుక్క వున్నవారికి పనికి వస్తుంది.

మొదటి మాట: బురద అని షికారు మాన్పించకూడదు. కట్టేసిన కుక్కకు కీళ్ళు బిగుస్తాయి, ఒళ్ళు పెరుగుతుంది, విసుగు పుట్టి అరుపులూ కొరుకుడూ మొదలవుతాయి. రోజుకు రెండుసార్లు, ఇరవై నిమిషాల నుంచి అరగంట దాకా, దాని వయసును బట్టి తిప్పాలి. పొగమంచు విడిచి ఎండపొడ వచ్చాక బయలుదేరడం మంచిది. మంచులో గట్టు మీద వచ్చే లారీవాడికి మనమే కనబడం, కుక్క ఎక్కడ కనబడుతుంది? గట్టు మరీ చిత్తడిగా వుంటే నాలుగు రోజులు సిమెంటు రోడ్డు మీదనే నడవండి. వాన వదలని రోజున పది నిమిషాల చొప్పున మూడుసార్లు తిప్పి, మిగతాది ఇంట్లో ఆడించవచ్చు. మా అబ్బాయి గదుల్లో అక్కడక్కడా రొట్టెముక్కలు దాచి వెతకమంటాడు. ముక్కుతో వెతకడం కూడా కుక్కకు వ్యాయామమే. కాసేపటికి అలిసి హాయిగా పడుకుంటుంది.

రెండో మాట, అసలు మాట: తిరిగి వచ్చాక పది నిమిషాలు. మా గుమ్మం పక్కన ఇప్పుడు ఒక గోనెపట్టా, ఒక ప్లాస్టిక్ మగ్గు, నా పాత పంచె చింపిన గుడ్డలు నాలుగు వుంటాయి. మగ్గులో గోరువెచ్చని నీళ్ళు పోసి ఒక్కొక్క పాదమే ముంచి, బురద నానాక వేళ్ళ సందులు మెల్లిగా కడగాలి. ఎండిన ఉండలను గోటితో పీకితే వెంట్రుకలతో సహా చర్మం వస్తుంది. తర్వాత పొడిగుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. కడిగి తుడవకుండా వదిలేయడం కంటె కడగకపోవడమే నయం అన్నారు డాక్టరుగారు. వేళ్ళ మధ్య తడి నిలిచిన చోట పాచిపుండ్లు పడతాయి. పాదాలయ్యాక పొట్ట, చంకలు, చెవి మడతలు, తోక మొదలు.

ఇలా తుడిచేటప్పుడు మన చెయ్యి దాని ఒళ్ళంతా తిరుగుతుంది. ఇందులోనే వుంది కిటుకంతా. ముల్లుంటే చేతికి తగులుతుంది. పిడుదుంటే తగులుతుంది. వాపుంటే కాలు లాక్కుంటుంది. తుడవడం శుభ్రం కోసం అనుకుంటాం గాని, నిజానికి అది రోజుకొకసారి చేసే పరీక్ష. ఆ తుఫాను తర్వాత నేను రోజూ ఈ పని చేసి వుంటే ముల్లు మొదటి రోజునే దొరికేది.

పిడుదు దొరికితే చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకొని తిన్నగా లాగాలి. వేళ్ళతో నలపకూడదు. కిరసనాయిలు రాయడం, నిప్పు చూపడం చాలా ప్రమాదం. పిడుదు కుక్క మీదనే కాక గోడ బీటల్లో, మంచం కోళ్ళ సందుల్లో కూడా దాగి, వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. అంచేత ఇల్లు కూడా చూసుకోవాలి. పిడుదుల మందు ఏది వాడాలో, ఎంత వాడాలో డాక్టరు చెప్పాలి గాని పక్కింటివారు చెప్పకూడదు.

స్నానం రోజూ అక్కర లేదు. నెలకొకసారి, మధ్యాహ్నం ఎండలో, కుక్కలకని అమ్మే సబ్బుతో చాలు. నేల ఫినాయిలుతో తుడిచినప్పుడు ఆరేదాకా కుక్కను ఆ గదిలోకి రానివ్వకండి. పాదాలకు అంటినది నాకుతుంది, అది విషం. బట్టల పెట్టెలో వేసే కలరా ఉండలు కూడా అంతే. జ్వరం వచ్చిందని మనం వేసుకునే మాత్రలు దానికి వేయడం మరీ తప్పు.

పడకకు సిమెంటు నేల పనికిరాదు. ఒక చెక్కపలక, దాని మీద పొడి గోనె చాలు. బజారులో కుక్కల స్వెట్టర్లు అమ్ముతున్నారు. సరమలాంటి పొట్టి వెంట్రుకల దానికో, ముసలి కుక్కకో రాత్రిపూట తొడిగితే తప్పు లేదు. తడిసిన స్వెట్టరు మాత్రం అసలు లేనిదాని కంటె హీనం. ఒత్తు జూలున్న బొచ్చుకుక్కలకు ఆ అవసరమే లేదు. వాటికి చిక్కులు దువ్వి అడుగు వెంట్రుకలు ఆరబెట్టడం ముఖ్యం.

కోతలయ్యాక పొలాల వైపు తిప్పేవారికి ఒక హెచ్చరిక. మన డెల్టాలో వరి కోశాక మినుము లేస్తుంది, ఎలుకలూ లేస్తాయి. వాటికి రైతులు విషపు ఎరలు పెడతారు. ఎర తిన్నా, ఎర తిని చచ్చిన ఎలుకను తిన్నా కుక్క బతకడం కష్టం. ఎలుకలు మూత్రం పోసిన నిలవనీటి వల్ల ఎలుక జ్వరం వస్తుంది. అది కుక్కకే కాదు, మనకూ వస్తుంది. కుక్కలకు దీనికి ఏటా వేసే టీకా వుంది. రేబీస్ టీకా ఎలాగూ తప్పదు. అంచేత పొలాల దగ్గర తాడు వదలకండి, గుంటల్లో నీళ్ళు తాగనివ్వకండి.

ఇంకొక్క మాట. ఇల్లు లేని కుక్కలు చలి రాత్రుల్లో ఆగిన కార్ల కింద చేరతాయి. బండి తీసే ముందు ఒకసారి వంగి చూడండి. మెట్ల కింద ఒక పాత గోనె పరిస్తే మనకు పోయేది ఏమీ లేదు.

భోగి నాటికి సరమ పూర్తిగా కోలుకుంది. మంట దగ్గర నిలబడి హరిదాసుగారికి కూడా ఒక రాగం వినిపించింది. మా శ్రీమతి ఇప్పటికీ ధనుర్మాసంలో ఇరవై ఒక్క చుక్కల ముగ్గే వేస్తుంది. కాని వాకిలికి ఎడమ పక్కన, గోడ వెంబడి రెండడుగుల మేర ఖాళీగా వదులుతుంది. “అదేమిటి, అటు వేయలేదేం?” అని చూడవచ్చినవారు అడిగితే, “అది సరమ దారండీ” అంటుంది. నేను ఆ దారినే గోనెపట్టా పరిచి, మగ్గు పట్టుకొని కూర్చుంటాను. సరమ వచ్చి, అడగకుండానే ముందు కుడికాలు ఇస్తుంది.